నెమ్మదిగా వాయించడమే ఒక తిట్టు: న్యూ ఆర్లియన్స్ చిన్న క్లబ్బుల్లో స్లడ్జ్ మెటల్ కథ

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నవాళ్ళకి ముందుగా ఒక మాట. ఈ ఎపిసోడ్‌లో నేను పాటలేవీ ప్లే చెయ్యట్లేదు, కాపీరైట్ స్ట్రైక్ పడితే ఛానలే ఎగిరిపోతుంది. కాబట్టి మీ చెవులకొచ్చిన భయమేం లేదు. అంతా మాటల్లోనే చెప్తా.

2022లో నేను ఆన్‌సైట్ మీద కొన్ని నెలలు హ్యూస్టన్‌లో ఉన్నాను. అప్పటికింకా ఉద్యోగం మానలేదు. ఒక లాంగ్ వీకెండ్ వస్తే నేనూ మా రూమ్మేటూ కారు తీసుకుని న్యూ ఆర్లియన్స్ బయల్దేరాం. ఐ-10 హైవే మీద దాదాపు 350 మైళ్ళు. మావాడిది రాజమండ్రి. వాడికి కావాల్సింది బోర్బన్ స్ట్రీట్, బెన్యేలు. బెన్యే అంటే పైన పంచదార పొడి జల్లిన మన బూరెలాంటిది అనుకోండి, లోపల పూర్ణం మాత్రం ఉండదు. నాకు కావాల్సింది వేరే. సెయింట్ క్లాడ్ అవెన్యూ వైపు ఓ చిన్న బార్‌లో ఆ రాత్రి ఒక లోకల్ స్లడ్జ్ బ్యాండ్ ఉందని తెలిసింది. ఎంట్రీ పది డాలర్లు. లోపల మహా అయితే నలభై మంది. స్టేజీ అంటే నేల నుంచి ఒక అడుగు ఎత్తు, అంతే. గిటారిస్టు వెనకాల మనిషంత ఎత్తున స్పీకర్ క్యాబినెట్లు. బార్ కౌంటర్ మీద గాజు సీసాలో ఇయర్‌ప్లగ్స్ పెట్టారు, పప్పుండలు పెట్టినట్టు.

మొదలైంది. గిటారిస్టు ఒక తీగ మీటి చెయ్యి తీసేశాడు. ఆ శబ్దం ఆగలేదు. కూత పెట్టుకుంటూ, మూలుగుతూ, గదంతా తిరుగుతోంది. డ్రమ్మర్ చెయ్యి పైకెత్తాడు, ఎత్తినవాడు దించడు. నిజంగా చెప్తున్నా, ఊపిరి బిగబట్టాను. అప్పుడు పడింది దెబ్బ. రెండో దెబ్బ పడేలోపు నేను సీలింగ్ ఫ్యాన్‌ రెక్కలు లెక్కపెట్టొచ్చు, అంత టైముంది.

ఏడెనిమిది నిమిషాలయ్యాక మావాడు నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు: "ఒరేయ్, వీళ్ళింకా సౌండ్ చెకింగే చేస్తున్నార్రా?"

అప్పటికి మొదటి పాట అయిపోయింది.

వాణ్ణి తప్పుపట్టను. 1988లో ఇదే ఊళ్ళో, ఇలాంటి గదుల్లోనే, జనం సరిగ్గా ఆ మాటే అన్నారు. ఇంకాస్త ఘాటుగా అన్నారు. అలా అనిపించుకోవడానికే ఆ బ్యాండ్లు వాయించాయి కూడా. ఈరోజు మన కథ అదే.

ముందు పేరు సంగతి. స్లడ్జ్ అంటే మడ్డి. మురుగునీటి ట్యాంకులో అడుగున పేరుకునేది, పాత ఇంజన్ ఆయిల్ గట్టిపడితే మిగిలేది. హెవీ మెటల్‌లో స్లడ్జ్ అంటే రెండు వేరువేరు వంశాల పెళ్ళి. ఒకవైపు బ్లాక్ సబాత్ నుంచొచ్చిన బరువైన, నింపాది గిటార్. ఇంకోవైపు హార్డ్‌కోర్ పంక్ నుంచొచ్చిన అరుపు, మురికి, కోపం. రెండు వైపుల చుట్టాలకీ ఈ పెళ్ళి ఇష్టం లేదు.

వరుడి వైపు నుంచి మొదలుపెడదాం. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్. ఫ్యాక్టరీల ఊరు. టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు, వయసు 17. సంగీతంలోకి వెళ్ళిపోదామని ఉద్యోగం మానేశాడు, ఆరోజే ఆఖరి రోజు. ఆ ఆఖరి రోజున మెషీన్ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెంపేసింది. అతను ఎడమచేతి వాటం వాడు, అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్ళతోనే. గిటార్ ఇక కుదరదన్నారు. అప్పుడు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ అతనికి జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. ఎడమచెయ్యి కాలిపోయి, రెండు వేళ్ళు సరిగ్గా పనిచెయ్యకపోయినా ప్రపంచమంతా మెచ్చేలా వాయించిన గిటారిస్టు జాంగో. అయోమీ గిన్నెలు తోముకునే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. తీగలు బిగువుగా ఉంటే నొప్పి. అందుకని సన్న తీగలు వేశాడు, కొన్నాళ్ళకి శ్రుతి కూడా దించాడు. 1971లో వచ్చిన మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బమ్‌లో మూడు పాటల్లో గిటార్ మామూలు శ్రుతి కంటే మూడు మెట్లు కిందుంటుంది. తీగ వదులైతే శబ్దం లోతవుతుంది, బరువవుతుంది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ మెటల్ బ్యాండ్ శ్రుతి దించినా, ఆ తెగిన వేళ్ళకి బాకీ ఉన్నట్టే.

ఇక వధువు వైపు. 1980 ప్రాంతానికి అమెరికాలో పంక్ ఇంకా వేగం పుంజుకుని హార్డ్‌కోర్ అయింది. వేగమే విలువ. పాట నిమిషం, నిమిషంన్నర. ఎవడెంత స్పీడైతే వాడంత నిజాయితీపరుడు అన్నట్టుండేది వ్యవహారం. మా ఆఫీసులో స్ప్రింట్ అయ్యాక 'వెలాసిటీ' అని ఒక గ్రాఫ్ చూపించేవారు, ఏం చేశామన్నది కాదు, ఎంత వేగంగా చేశామన్నదే లెక్క. అలాంటి సంగతే అనుకోండి.

ఆ వేగానికి ఎదురు తిరిగినవాళ్ళు పంక్‌లోంచే వచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్లిప్పర్ అనే బ్యాండ్ 1982 ఆల్బమ్‌లోనే తాగినవాడి నడకలా నెమ్మదిగా వాయించింది. కానీ అసలు బాంబు వేసింది బ్లాక్ ఫ్లాగ్. లాస్ ఏంజిలిస్ దగ్గరి బ్యాండ్. 1981లో వచ్చిన డ్యామేజ్డ్ హార్డ్‌కోర్‌కి పెద్దబాలశిక్ష లాంటిది, అందులో పాటలు చాలావరకు మూడు నిమిషాల లోపే. తర్వాత రికార్డ్ కంపెనీతో కోర్టు గొడవ, చాన్నాళ్ళు కొత్త రికార్డు తేలేని పరిస్థితి. ఆ అడ్డంకి తీరాక 1984లో మై వార్ వచ్చింది. మొదటి వైపు వింటే సరే, మనకి తెలిసిన బ్లాక్ ఫ్లాగే. రికార్డు తిప్పి రెండో వైపు వేస్తే మూడే మూడు పాటలు. ఒక్కొక్కటీ ఆరు నిమిషాలు దాటి. ఈడుస్తూ, ఈడుస్తూ. ఆ వేగం కోసమే వచ్చిన అభిమానులకి ఇది నమ్మకద్రోహం. పైగా బ్యాండ్‌లో వాళ్ళు జుట్టు పెంచారు, పంక్ కుర్రాళ్ళకి అదింకా పెద్ద నేరం.

చాలామందికి నచ్చలేదు. నచ్చిన కొద్దిమంది మాత్రం బ్యాండ్లు పెట్టారు.

వాళ్ళలో ముఖ్యులు మెల్విన్స్. వాషింగ్టన్ రాష్ట్రంలో మోంటెసానో అనే చిన్న ఊరు, చుట్టూ అడవి, కలప కోతే బతుకుతెరువు. బజ్ ఆస్బోర్న్ అనే కుర్రాడు అక్కడ థ్రిఫ్ట్‌వే అనే సరుకుల దుకాణంలో పనిచేసేవాడు. బ్యాండ్‌కి మెల్విన్స్ అన్న పేరు కూడా ఆ షాపులో పనిచేసే ఒకాయనదే, అందరికీ పడని మనిషట. 1983 వేసవిలో ఆ థ్రిఫ్ట్‌వే వెనకాల పార్కింగ్‌లో మెల్విన్స్ ఊరికే ఒక షో ఇచ్చారు. చూడ్డానికొచ్చిన వాళ్ళలో పక్క ఊరు అబర్డీన్ కుర్రాడొకడున్నాడు. పేరు కర్ట్ కొబేన్. నిర్వాణా కథ అక్కడే మొదలైందని అంటారు, తను డైరీలో కూడా ఆ రోజు గురించి రాసుకున్నాడు. ఇందులో తమాషా ఏంటంటే, కొబేన్ ఆరోజు విన్న మెల్విన్స్ మెరుపు వేగంతో వాయించే బ్యాండ్. ఆ తర్వాతే వాళ్ళు బ్లాక్ ఫ్లాగ్ నెమ్మది పాటలు విని బ్రేకు వేశారు. 1987లో వచ్చిన గ్లూయీ పోర్చ్ ట్రీట్‌మెంట్స్ దగ్గరికొచ్చేసరికి జిగురులో కాలుపెట్టి లాగుతున్నట్టుంటుంది.

ఇప్పుడు దేశం ఆ మూల నుంచి ఈ మూలకి రావాలి. మెల్విన్స్ ఉన్నది అమెరికాకి వాయవ్యం కొసన. మన న్యూ ఆర్లియన్స్ దక్షిణం అంచున, మిసిసిపీ నది సముద్రంలో కలవబోయే చోట. ఈ రెంటినీ కలిపింది ఆ గ్లూయీ పోర్చ్ రికార్డే. న్యూ ఆర్లియన్స్ కుర్రాళ్ళ చేతికది దొరికింది. తమ సౌండ్‌కి మెల్విన్స్ మూలమని ఐహేట్‌గాడ్ గిటారిస్టు జిమ్మీ బోవర్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

బ్యాండ్ పేరు విని మీలో కొందరు నొచ్చుకున్నారని నాకు తెలుసు. కన్ను, ద్వేషం, దేవుడు అన్న మూడు మాటలు కలిపి రాసేశారు. జనాన్ని రెచ్చగొట్టడానికే పెట్టారు, ఆ పని అది చక్కగానే చేసింది. నేను దానికి వత్తాసూ పలకను, వకాల్తా కూడా తీసుకోను.

అప్పటి ఊరి పరిస్థితి చూడండి. లూసియానాకి నూనెబావులే అన్నం. 1986లో చమురు ధర కుప్పకూలింది, రాష్ట్రంలో నిరుద్యోగం దేశంలోనే అత్యధికం అయింది. అంతకు రెండేళ్ళ ముందు, 1984లో ఊళ్ళో జరిగిన వరల్డ్ ఫెయిర్ మధ్యలోనే దివాలా తీసింది. 1990ల్లో నేరాలు పెరిగి, 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళో 1994 ఒక్క సంవత్సరంలోనే 400కి పైగా హత్యలు జరిగాయి. హెరాయిన్ సందుసందునా. టూరిస్టు బ్రోషర్లో జాజ్, మాస్క్‌లు, పూసల దండలు. ఆ వీధులు దాటితే ఇదీ పరిస్థితి.

1988లో జిమ్మీ బోవర్ ఐహేట్‌గాడ్ మొదలుపెట్టాడు. కాస్త తర్వాత మైక్ విలియమ్స్ గొంతుగా చేరాడు, జోయీ లకేజ్ డ్రమ్స్ మీద. నిజానికిది సగం వేళాకోళంగా మొదలైన బ్యాండ్. ఊళ్ళో జనం థ్రాష్, హార్డ్‌కోర్ అంటే పడిచచ్చేవాళ్ళు. వేగంగా వాయించే బ్యాండ్ కోసం కాళ్ళల్లో కారం పోసుకుని ఎదురుచూస్తున్న గుంపు ముందుకొచ్చి, వీళ్ళు కూత పెట్టే ఫీడ్‌బ్యాక్ వదిలి, నిమిషాలకొద్దీ ఒకే రిఫ్ ఈడ్చేవాళ్ళు. ఉద్దేశం ఒక్కటే, వాళ్ళకి మండాలి. మండింది కూడా.

ఇక్కడ కాస్త ఆగుతా, ఎందుకంటే నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే. తిట్టాలంటే సాధారణంగా ఏం చేస్తాం? గొంతు పెంచుతాం, మాట తొందరపడుతుంది. వీళ్ళు తిట్టుని నెమ్మదిలో దాచారు. కోపంగా ఉన్నవాడు అరిస్తే మనకి అలవాటే. కోపంగా ఉన్నవాడు మన కళ్ళల్లోకి చూస్తూ మెల్లగా, ఒక్కో మాటా విడమరిచి చెప్తే వెన్నులో చలి పుడుతుంది.

ఇది చేతకాక చేసిన పనేం కాదు. నెమ్మదిగా వాయించడం కష్టం. మన సంగీతం నేర్చుకున్నవాళ్ళని అడగండి, చౌక కాలంలో పాడేటప్పుడు దాక్కోవడానికి చోటుండదని చెప్తారు. లెక్క కూడా చిన్నదే. నిమిషానికి 200 దెబ్బల వేగంలో రెండు దెబ్బల మధ్య గ్యాప్ 0.3 సెకను. అందులో ఒకటి అటూఇటూ అయినా ఎవరికీ తెలీదు. నిమిషానికి 60 అయితే గ్యాప్ పూర్తిగా ఒక సెకను. ఆ సెకనులో నలుగురూ ఒకే చోట దిగాలి. ఒకడు ముందు పడ్డా, ఒకడు వెనక పడ్డా గదంతా వింటుంది. ఐహేట్‌గాడ్ విషయంలో ఇంకో చిక్కుంది. వాళ్ళ దెబ్బ గడియారంలా పడదు, కాస్త వెనక్కి వాలి, ఊగుతూ పడుతుంది. లకేజ్ డ్రమ్స్‌లో నాకు వినపడేది ఆ ఊరి వీధి బ్యాండ్ల ఊపే. రిఫ్‌లు కూడా వేగం తగ్గించిన బ్లూస్ రిఫ్‌లే, అంటే దక్షిణాది నల్లజాతివాళ్ళ సంగీతం. అది ఒప్పుకోకుండా ఈ చరిత్ర చెప్పలేం.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటుంది. నల్లజాతివాళ్ళే ఎక్కువున్న ఊళ్ళో ఈ సీన్ మాత్రం దాదాపు తెల్లవాళ్ళది. ఆ సీన్‌కి బయట ప్రపంచంలో పేరు తెచ్చిన ఫిలిప్ ఆన్సెల్మో, పాంటెరా సింగర్, ఈ ఊరివాడే. 2016 జనవరిలో హాలీవుడ్‌లో ఒక షో చివర స్టేజీ మీద నాజీ సెల్యూట్ చేసి జాత్యహంకార నినాదం అరిచాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. ఈ బ్యాండ్లకి అతను చేసిన సాయం నిజం, ఆ రాత్రి చేసింది కూడా నిజం. నేను రెండూ చెప్తా, మీరు రెండూ వినండి.

సరే, మళ్ళీ క్లబ్‌లోకి. ఈ సీన్‌లో మనుషులు తక్కువ, బ్యాండ్లు ఎక్కువ. షెల్ షాక్ అని ఊళ్ళో ఒక హార్డ్‌కోర్ బ్యాండ్ ఉండేది. అందులో బోవర్ డ్రమ్స్ వాయించాడు, కర్క్ విండ్‌స్టీన్ కూడా ఉన్నాడు. 1988లో వాళ్ళ గిటారిస్టు ఆత్మహత్య చేసుకున్నాడు. మిగిలినవాళ్ళు పేర్లు మార్చుకుంటూ, మనుషుల్ని మార్చుకుంటూ వచ్చి, చివరికి విండ్‌స్టీన్ బ్యాండ్ క్రోబార్‌గా తేలింది. 1991లో మొదటి ఆల్బమ్. 1995లో ఆన్సెల్మో, విండ్‌స్టీన్, బోవర్ ఇంకొందరూ కలిసి డౌన్ అన్న బ్యాండ్‌గా నోలా ఆల్బమ్ తెచ్చారు. నోలా అంటే న్యూ ఆర్లియన్స్, లూసియానాకి పొట్టిపేరు. ఐహేట్‌గాడ్‌లో గిటార్ పట్టే బోవర్ డౌన్‌లో డ్రమ్మర్. 1998లో క్రోబార్ ఆడ్ ఫెలోస్ రెస్ట్ ఆల్బమ్‌కి కూడా డ్రమ్స్ అతనే. ఆడ్ ఫెలోస్ రెస్ట్ ఏంటనుకున్నారు? ఊళ్ళో ఒక శ్మశానం పేరు.

శ్మశానం అంటే గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో నేల తవ్వితే నీళ్ళొస్తాయి. అందుకే సమాధులు నేల మీదే, చిన్న చిన్న ఇళ్ళలా కడతారు. చావు ఊరేగింపుకి బ్యాండ్ ఉంటుంది. శ్మశానానికి వెళ్ళేటప్పుడు బాగా నెమ్మదిగా, అడుగులో అడుగేస్తూ శోకం వాయిస్తారు. మనిషిని సాగనంపాక హుషారుగా మొదలుపెడతారు, వెనకాల జనం గొడుగులు ఊపుతూ ఆడతారు. డప్పు లేనిదే పాడె లేవని ఊళ్ళ నుంచి వచ్చిన మనకి ఇది విడ్డూరమేం కాదు. మా తాతయ్య పోయినప్పుడు కూడా ఏడుపుకంటే ముందు డప్పే వినపడింది నాకు. స్లడ్జ్ ఆ జాజ్ ఊరేగింపు నుంచి పుట్టిందని నేను అనను, అలా అంటే అబద్ధం. కానీ శోకాన్ని నెమ్మదిగా, బిగ్గరగా, నలుగురి మధ్యలో వాయించడం ఆ ఊరికి కొత్త కాదు.

ఇంతకీ ఇది చిన్న క్లబ్ సంగీతమే ఎందుకైంది? డబ్బు రాదు కాబట్టి, అది మొదటి కారణం. రెండో కారణం నాకు ఆ రాత్రి బార్‌లో తెలిసింది, హోటల్‌కొచ్చి లెక్క వేసుకున్నా. గిటార్‌లో మామూలుగా అన్నిటికంటే లావు తీగ సెకనుకి 82 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని అల పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. క్రోబార్‌ లాంటి బ్యాండ్లలా శ్రుతి ఇంకా కిందికి దించితే సుమారు 62, అల పొడవు అయిదున్నర మీటర్లు. ఇప్పుడు ఆ బార్ గది వెడల్పెంత? ఆరు మీటర్లుంటుందేమో. అంటే అలా గదీ ఒకే కొలతలోకి వచ్చేస్తాయి. శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తనతో తనే కలుస్తుంది. ఒకచోట నిలబడితే ఛాతీ అదురుతుంది, రెండడుగులు పక్కకి జరిగితే అదే స్వరం మాయం. ఆ గది కూడా ఒక వాయిద్యమే. స్టేడియంలో ఏమవుతుంది? మైకుల్లోంచి, మిక్సర్లోంచి, దూరంగా వేలాడే స్పీకర్లలోంచి వడపోసి వస్తుంది. ఇక్కడ వడపోత లేదు. గిటారిస్టు వెనకున్న పెట్టె నుంచి నేరుగా మన పక్కటెముకల్లోకి.

ఆ కూత, ఫీడ్‌బ్యాక్, అది కూడా గది ఆటే. తీగ కదిలితే పికప్ పట్టుకుంటుంది, ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది, స్పీకర్ గాలిని ఊపుతుంది, ఆ గాలి మళ్ళీ తీగనే ఊపుతుంది. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్. నా కోడ్‌లో అలాంటిది వస్తే అర్ధరాత్రి ఫోనొచ్చేది. వీళ్ళు దాన్నే పాటగా కట్టారు. గిటార్ పట్టుకుని ఆంప్ వైపు ఒక అడుగు వేస్తే ఒక స్వరం, పక్కకి తిరిగితే ఇంకోటి.

1993లో టేక్ యాజ్ నీడెడ్ ఫర్ పెయిన్, 1996లో డోప్‌సిక్. ఆల్బమ్‌ల పేర్లే చెప్తున్నాయి కదా లోపలేం జరుగుతోందో. మైక్ విలియమ్స్ హెరాయిన్ సంగతి దాచలేదు, గొప్పగా చెప్పుకున్నట్టూ నాకనిపించదు. 2000లో ఇంకో ఆల్బమ్ వచ్చాక రికార్డింగ్ ఆగిపోయింది.

2005 ఆగస్టు 29. కత్రీనా. కట్టలు తెగి ఊరు దాదాపు 80 శాతం మునిగింది. ఆ ప్రాంతమంతా కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. దివిసీమ ఉప్పెన, కోనసీమ తుఫాను కథలు ఇళ్ళల్లో విని పెరిగినవాళ్ళకి ఆ నీళ్ళ గురించి నేను చెప్పేదేముంది. విలియమ్స్ ఇల్లు తుఫాను తర్వాత మంటల్లో పోయింది. ఊరు వదిలి మోర్గన్ సిటీ చేరాడు, అక్కడ మాదకద్రవ్యాల కేసులో అరెస్టయ్యాడు. సుమారు మూడు నెలలు జైల్లో. బెయిలుకి ఆన్సెల్మో సాయం చేశాడు. ఆ జైల్లోనే హెరాయిన్ అలవాటు వదిలింది.

ఇల్లు లేదు, వాయించిన చోట్లు కొన్ని లేవు, చేతిలో కేసు. బ్యాండ్ అక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ నీళ్ళు తీశాక ఊరికి ముందు తిరిగొచ్చినవాళ్ళలో ఈ బార్లలో పనిచేసేవాళ్ళూ, వాయించేవాళ్ళూ ఉన్నారు. ఐహేట్‌గాడ్ మళ్ళీ షోలు మొదలుపెట్టింది. 1988లో తిట్టుగా మొదలైన ఆ నెమ్మది, ఇప్పుడు అదే గదుల్లో అవే ముఖాల మధ్య ఇంకోలా వినపడి ఉండాలి. ఇది నా ఊహే. కానీ మునిగి తేలిన ఊళ్ళో, తెలిసినవాళ్ళు పక్కన నిలబడి ఉండగా, ఆ దెబ్బ కోసం అందరూ కలిసి ఎదురుచూడటం, అదొక తిట్టు అని ఎవరనగలరు?

2013లో కొత్త ఆల్బమ్‌కి జోయీ లకేజ్ డ్రమ్స్ రికార్డు చేసేశాడు. ఆ వేసవిలో యూరప్ టూర్ చేసి ఇంటికొచ్చారు. వచ్చిన కొద్దిరోజులకే, ఆగస్టు 23న లకేజ్ చనిపోయాడు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, ఊపిరి ఆగిపోయింది. వయసు 42. మిగిలినవాళ్ళు ఆ డ్రమ్స్‌ని అలాగే ఉంచి ఆల్బమ్ పూర్తిచేశారు. 2014 మేలో వచ్చింది, పద్నాలుగేళ్ళ తర్వాత వాళ్ళ మొదటి ఆల్బమ్, బ్యాండ్ పేరే దాని పేరు. కొత్త డ్రమ్మర్‌గా ఆరన్ హిల్ వచ్చాడు. 2016లో విలియమ్స్ కాలేయం పాడైంది. కొన్ని షోలకి అతని బదులు ల్యాంబ్ ఆఫ్ గాడ్ సింగర్ ర్యాండీ బ్లైత్ పాడాడు, కొన్నిటికి ఆన్సెల్మో. అభిమానులు చందాలేసుకున్నారు. ఆ డిసెంబరులో కాలేయ మార్పిడి జరిగింది. 2021లో ఇంకో ఆల్బమ్ వచ్చింది. ఇప్పటికీ పెద్ద స్టేజీలూ చేస్తారు, చిన్న గదులూ చేస్తారు.

నేను వెళ్ళిన రాత్రి బ్యాండ్ వాళ్ళది కాదు, ముందే చెప్పాను కదా, లోకల్ కుర్రాళ్ళు. నా వయసే ఉంటుంది. నలభై నిమిషాలు వాయించారు, అయిదు పాటలు. అయిపోయాక గిటారిస్టే ఆంప్ మోసుకుంటూ బయటికొచ్చాడు, సింగర్ మూలనున్న టేబుల్ దగ్గర టీషర్టులు అమ్ముతున్నాడు. ఎక్కడి నుంచి వచ్చావని అడిగాడు. హ్యూస్టన్ అన్నా, తర్వాత హైదరాబాద్ అన్నా. "అంతదూరం నుంచి దీనికోసమా" అన్నట్టు చూసి, చిల్లర లేదని అయిదు డాలర్లు తగ్గించాడు.

బయట మావాడు కారు బానెట్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. తలుపు తెరిచి ఉంది, లోపల తర్వాతి బ్యాండ్ తీగలు సర్దుకుంటోంది. "అయిపోయిందా?" అన్నాడు. ఇంకో బ్యాండ్ ఉందన్నా. వాడు కాసేపు నావైపు చూసి, జేబులోంచి ఇయర్‌ప్లగ్స్ తీశాడు. బయటికి వచ్చేటప్పుడు కౌంటర్ మీద సీసాలోంచి పట్టుకొచ్చాడట. "పద, చూద్దాం. ఇదైనా స్పీడుగా ఉంటుందా?"

లేదు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మై వార్ రెండో వైపు, గ్లూయీ పోర్చ్ ట్రీట్‌మెంట్స్, టేక్ యాజ్ నీడెడ్ ఫర్ పెయిన్, ఈ మూడూ ఇదే వరసలో వినండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, అందులో ఆ కింది స్వరాలు అసలు పలకవు. వచ్చే వారం కలుద్దాం.